పెన్నయొడ్డు అక్షరక్రీడలు

ప్రొద్దుటూరు పేరు వినగానే బంగారపు అంగళ్ళును, బట్టల కొట్లును, అమ్మవారిశాలలోని దసరా వేడుకలును ఎల్లరకు జ్ఞప్తికి వచ్చును. ఆ యూరికిని, దానికి పొరుగున నున్న జమ్మలమడుగు పులివెందులలకును చిరకాలముగ చెందియున్న మఱియొక వ్యాసంగము కలదు. అందు కొనుగోలు లేదు, అమ్మకము లేదు. అది అక్షరములతో ఆడుకొనుట. సభామధ్యమున అవధాని ఆడు ఆటయు, అరుగుమీద పిల్లలు ఆడు ఆటయు ఒక్కటే క్రీడ యనియు, పైమెట్టు లోకమునకు కనబడి సన్మానములందగా క్రిందిమెట్టు మఱుగుపడిన దనియు నా యభిప్రాయము.

ఈ సీమలో అక్షరమునకు వయస్సు పెద్దది. ఎఱ్ఱగుంట్ల మండలములోని కలమళ్ళలో దొరకిన రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునాటి దనియు, తెలుగు శాసనములలో నింతకంటె ప్రాచీన మైనది కనబడలేదనియు పలువురు చరిత్రకారుల మతము. శిలమీద చెక్కిన తప్పునకు దిద్దుబాటు లేదు; ఇసుకమీద వ్రాసిన తప్పు అరచేయి తుడిచినంతనే పోవును. పిల్లవాని ఓనమాలకు మనవారు ఇసుకనే యెన్నుకొనుటలో ఈ సౌలభ్యమును పాటించియే యుందురు.

నాటి వీధిబడి యెట్లుండెనో మనకు తెలియుటకు ఒక పరదేశి పూనికయే ఆధారమగుట కొంత వింత. 1800లో నిజాము కుంఫిణీవారి కిచ్చివేసిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా 1807 వఱకు పనిచేసిన థామస్ మన్రో, పిదప మదరాసు గవర్నరై, 1822లో ప్రతి జిల్లాలోని బడుల స్థితిగతులను విచారించి తెలుపుడని కలెక్టర్ల కుత్తరువు చేసెను. వచ్చిన జవాబులలో, నాడు కడపకు పొరుగున నున్నదియు, నేటి అనంతపురపు సీమను తనలో నిముడ్చుకొన్నదియు నగు బళ్ళారి జిల్లానుండి ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మిక్కిలి వివరమైనది. ఈ కాంబెల్ 1816లో తెలుగునకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసి ప్రకటించినవాడు గనుక, బడిలో వినబడునది కేవలము రొద గాదని గ్రహింపగల చెవి యాతనికి కలదు.

ఉదయమున బడికి మొదట వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి నామమును వ్రాయుదురట. రెండవవానికి సున్న, అనగా వానికి మెప్పును లేదు, దెప్పును లేదు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చువారికి ఆ లెక్కను వృద్ధి. దండన కలిసినను ఇది పందెమే. పందెమున్నచోట ఆట యున్నది. అక్షరములు ఇసుకలో వ్రేలితో దిద్దిన పిమ్మట గుణింతము, ఒత్తులు; తరువాత మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు వ్రాయుట; ఆ పిదపనే లెక్కలు. ముందు నేర్చినవాడు వెనుకటివానికి నేర్పును. మదరాసులోని యెగ్మూరులో అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ ఇట్టి ఇసుకవ్రాతను చూచి, బాలోపాధ్యాయ పద్ధతితో కూడ తన బడిలో నెలకొల్పి, స్వదేశమునకు మరలి, 1797లో ఒక పుస్తకమున ప్రచురింపగా నది ఇంగ్లండులో వ్యాప్తి నొందెను. మన అరుగుబడి సీమకు పోయి పేరు మార్చుకొని మరల మనకే వచ్చినది.

కాంబెల్ తప్పులెన్నుటయు మానలేదు. పిల్లలు అర్థమెఱుగక పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని యాతని ఆక్షేపణ. ఆ మాట నిజమే. అయినను కలెక్టరు చూచినది పంతులు ఎదుట నున్న బడిని. పంతులు భోజనమునకు లేచిపోయిన తరువాతి బడిని చూచుట కలెక్టరు తరము గాదు.

గుణింతమును బిగ్గరగా చెప్పుటలోనే ఒక తాళగతి కలదు. ‘ప్రొద్దుటూరు’ అను పేరు పలుకవలెనన్న బాలుడు పకు ఒత్వ మిచ్చి, రవత్తు చేర్చి ‘ప్రొ’ అని నిలుపును. దకు కొమ్మిచ్చి దవత్తు తగిలించి ‘ద్దు’. టకు కొమ్ముదీర్ఘము ‘టూ’. రకు కొమ్ము ‘రు’ అని ముగించును. ఒకడు గుణింతము చెప్పుచుండ నింకొకడు పేరేదో పసిగట్టవలెను. రెండక్షరములకే పసిగట్టినవాడు గెలిచినట్లు. తెలుగున పలికినట్లే వ్రాయుదుము గనుక వర్ణక్రమమునకు చిక్కు లేదని కొందఱనుకొందురు. శషసలు, బభలు, లళలు, ర ఱలు, ఋకారమునకును రుకారమునకును గల భేదము, అన్నిటిని మించి ఒత్తు—వీనియం దెంత చదివినవాడైనను ఏదో యొకచోట జాఱకుండుట యరుదు. ఈ జాఱుడు నేలను పిల్లలు దాటునది ఆటతోనే.

గొలుసుమాటల ఆటను చూడుడు. ఒకడు ‘పినాకిని’ అనును. రెండవవాడు కడపటి యక్షరము పట్టుకొని ‘నిమ్మకాయ’. పిమ్మట ‘యజమాని’, ‘నిచ్చెన’, ‘నక్క’. ఒత్తును విడిచి కకారము గైకొని ‘కంబళి’. అంతట ఆట నిలిచిపోవును, ‘ళి’తో మొదలగు మాట లేదు గనుక. అప్పుడు పోట్లాట. అది ‘కంబలి’ యే యని యోడినవాడు వాదించి ‘లిపి’ యని యందుకొనజూచును. కాదు, ళకారమే యని తక్కినవారు. తగవు పెద్దవారి యొద్దకు పోవును. ఆ తగవులో లళల భేదము తలకెక్కినట్లు ఉక్తలేఖనమున తప్పునకు ఎఱ్ఱగీత పెట్టించుకొన్న పిల్లవానికి ఎక్కదు. అట్లే ఆడుపిల్లలు పెద్దలకు తెలియకుండ మాటాడుకొను కభాష: ప్రతి యక్షరమునకు ముందొక కకారము చేర్చి ‘పెన్న’ను ‘కపె కన్న’ అందురు. ‘న్న’ యను ద్విత్వమును చీల్చకూడదని వారికెవరును చెప్పలేదు. మాటను అక్షరముల కీలులయొద్దనే విఱుచుట వారి నాలుకకే తెలియును.

పులివెందుల వైపున బడి కంటె చేను ముందు. ఏరువాకకు ముందు విత్తనపు శెనక్కాయలను ఇంటిల్లిపాదియు కూర్చుండి చేతులతో నొలుచునపుడు చేతికి పనియే గాని నోటికి పని లేదు; పొడుపుకథలకు అదియే అదను. అవ్వ పొడుచును, మనుమలు విప్పుదురు. ఇందు వ్రాత లేదు. కాని వస్తువును పేరుతో గాక గుణముతో పట్టుట, ఒక మాటకు రెండర్థముల నూహించుట, ఇవి వ్రాతకు ముందు కావలసిన విద్యలు. అక్షరము రాని అవ్వయే వానికి గురువు.

ఇక పైమెట్టు. జమ్మలమడుగున 1888లో జన్మించి ప్రొద్దుటూరున స్థిరపడిన దుర్భాక రాజశేఖర శతావధానియు, జమ్మలమడుగు తాలూకా నెమళ్ళదిన్నెకు చెందిన గడియారము వేంకట శేషశాస్త్రియు జంటగా అవధానములు చేసి కీర్తి గడించిరి. మొదటివారు ‘రాణాప్రతాపసింహ చరిత్ర’మును, రెండవవారు ‘శివభారత’మును రచించిన మహాకవులగుటచేత వారి అవధానములు వెనుకబడినవి. తరువాతి తరమున సి.వి. సుబ్బన్న శతావధాని తాము అవధానములు చేయుటయే గాక ఆ విద్యను గూర్చి పరిశోధనగ్రంథమును సంతరించిరి. నరాల రామారెడ్డిగారు ఈ పరంపరలోనివారే. ఇంద రవధానులు ఒక వర్తకపట్టణమున చేరుట కాకతాళీయ మనుకొనజాలను. శేషశాస్త్రిగారును, ‘శివతాండవ’కర్త పుట్టపర్తి నారాయణాచార్యులవారును ఆ యూరి ఉన్నత పాఠశాలలో పిల్లలకు తెలుగు చెప్పిరి. బడికిని సభకును నడుమ గోడ లేని కాలమది.

అవధానాంగములలో వ్యస్తాక్షరి యనగా నేమి? పృచ్ఛకుడొక వాక్యమును మనస్సున నుంచుకొని, దాని యక్షరములను వరుస తప్పించి, సభ నడుమ నడుమ ఒక్కొక్కటిగా అందించును. అవధాని వానిని చోటులలో నిలిపి కడపట వాక్యమును చదువును. ‘గండికోట క్రింద పెన్న పాఱుచున్నది’ అనుకొందము, పదుమూడక్షరములు. తొమ్మిదవది ‘పా’, రెండవది ‘డి’, అయిదవది ‘క్రిం’ అని చెప్పిన, పలకమీద పదుమూడు గళ్ళు గీచుకొన్న మూడవ తరగతి పిల్లవాడు దీనిని సులభముగ పూరింపగలడు. రెండు హల్లులు, ఒక అచ్చు, ఒక సున్న కలిసిన ‘క్రిం’ ఒక్క గడిలోనే యిముడునని వానికి వ్యాకరణము చెప్పనక్కఱలేదు.

నిషిద్ధాక్షరి మఱింత సరసము. అవధానిని అడుగడుగున ఫలానా యక్షరము వేయరాదని యడ్డగింతురు. పిల్లలకైతే ఒక్క యక్షరమును నిషేధించి తన యూరిని గూర్చి చెప్పుమనుట చాలును. మకారము నిషిద్ధమైనచో జమ్మలమడుగు బాలుడు తన యూరి పేరే చెప్పలేడు, అందు మూడు మకారములు గనుక. ‘గండికోటకు దగ్గరి ఊరు’ అని తప్పించుకొనవలెను. రకారమును కాదన్న ప్రొద్దుటూరువానికి చిక్కు. కడపటి ‘రు’ అటుండ, ‘ప్రొ’ క్రింద నున్న రవత్తు రకారమా కాదా యని వాదము పుట్టును, పుట్టవలెను. లకారము పులివెందులకు గండము. ఇందు ఒత్తును ఒక హల్లే యను సంగతి ఆటగానే బోధపడును.

అరుగునుండి సభకు పోవు ఈ మెట్లు తెగుటకు కారణము నా కిట్లు తోచును. కుంఫిణీవారి విద్యావిధానమును తెలుపు 1854 నాటి ఉడ్ పత్రము తరువాత బడికి గ్రాంటు వచ్చెను. గ్రాంటు వెంట ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరు వెంట పరీక్ష వచ్చెను. పరీక్షింప వీలైన ఉక్తలేఖనము నిలిచెను. వీలుకాని ఆట అరుగుమీదనే మిగిలిపోయెను, అరుగులు పోగా తానును పోయెను. దీనిని కొంత పూరించినవి పత్రికలు. కడప జిల్లా పొట్టిపాడువాడగు బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో ఆరంభించిన ‘చందమామ’లో రెండు ఛాయాచిత్రముల నిచ్చి జంటకుదురు వ్యాఖ్యలను వ్రాయించు పోటీ యుండెడిది; అది, ఇచ్చిన పదములను పొదిగి పద్యము చెప్పించు అవధానాంగమగు దత్తపదికి తమ్ముడు. 1913లో న్యూయార్కు పత్రికలో పుట్టిన గళ్ళనుడికట్టు మనకు వచ్చి, గడికొక వర్ణము గాక గడికొక అక్షరముగా మాఱి తెలుగుదైనది. బిళ్ళలు పేర్చు స్క్రాబుల్ మాత్ర మంత సులభముగ మాఱునది గాదు. ఇరువదియాఱు అక్షరముల భాషకు చాలిన సంచి మన గుణింతములకు చాలదు.

నేడు అమెరికాలో 1925 నుండి జరుగుచున్న ఇంగ్లీషు వర్ణక్రమపు పోటీలలో తెలుగువారి పిల్లలు మెప్పు పొందుచున్నారు. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడివారు అక్కడి పిల్లలకే ‘తెలుగు మాట్లాట’ యను పోటీలు పెట్టి తెలుగు మాటలను తప్పులేకుండ వ్రాయించుచున్నారు. సముద్రములకావల జరుగునది పెన్నయొడ్డున జరుగకుండుటకు హేతువు లేదు. ఈ మూడూళ్ళ బడులలోని తెలుగు ఉపాధ్యాయులు వారమున కొక్క గంట ఉక్తలేఖనమును మాని, పదుమూడు గళ్ళ వ్యస్తాక్షరి నాడింతురు గాక. దీనికి పలక, బలపము తప్ప వేఱు సామగ్రి యక్కఱలేదు.