ఫైల్ షేరింగ్ సైట్ల బ్లాకింగ్ - భారతదేశం

కోర్టు ఉత్తర్వు మేరకో ప్రభుత్వ ఆదేశం మేరకో ఇంటర్నెట్ సర్వీసు ప్రొవైడర్లు (ఐఎస్పీలు) తమ చందాదారులకు ఫైల్ షేరింగ్ సైట్లు తెరుచుకోకుండా చేయడాన్ని బ్లాకింగ్ అంటారు. బ్లాక్ చేసినంత మాత్రాన సైటు మూతపడదు. ఎక్కడో విదేశంలోని సర్వరులో అది ఎప్పటిలా నడుస్తూనే ఉంటుంది, ఇక్కడి నుంచి దానికి వెళ్లే దారి మాత్రమే మూసుకుపోతుంది. భారతదేశంలో 2011 నుంచి సినిమా నిర్మాతలు పైరసీ మీద విరివిగా వాడిన ఆయుధం ఇదే. దీని చరిత్రలో అతి పెద్ద వివాదానికి కారణమైన రెండు సినిమాల్లో ఒకటి తెలుగు సినిమా ‘దమ్ము’.

పద్ధతులు

సైటు పేరు టైపు చేయగానే దాని అంకెల చిరునామా వెతికిపెట్టేది డీఎన్ఎస్ సర్వరు. అది సాధారణంగా ఐఎస్పీ చేతిలోనే ఉంటుంది కనుక, అక్కడ తప్పుడు చిరునామా ఇప్పించడం అన్నిటికంటే చవకైన పద్ధతి. డీఎన్ఎస్ మార్చుకోవడం తెలిసినవారికి దీన్ని దాటడం కష్టం కాదు. రెండో పద్ధతి ఐపీ చిరునామానే ఆపేయడం. ఒకే చిరునామా మీద వందల సైట్లు ఉండవచ్చు కాబట్టి, కేసుతో సంబంధం లేనివి కూడా ఆగిపోతాయి. మూడోది, వెళ్తున్న డేటాను తెరిచి చూసి ఫలానా పేజీని మాత్రమే ఆపడం. కొన్ని కోర్టులకు నచ్చింది ఇదే. కానీ సైట్లు డేటాను రహస్య సంకేతంలో పంపే హెచ్‌టీటీపీఎస్‌కు మారాక, చందాదారు ఏ సైటుకు వెళ్తున్నాడో ఐఎస్పీకి తెలుస్తుంది గానీ అందులో ఏ పేజీ చూస్తున్నాడో తెలియదు. అందువల్ల ఒక్క పేజీని ఆపాలన్నా సైటు మొత్తాన్ని ఆపక తప్పని పరిస్థితి వచ్చింది. కింద చెప్పబోయే తగాదాల్లో కొన్నిటి వెనుక ఉన్న సాంకేతిక కారణాల్లో ఇది ఒకటి.

తొలినాళ్లు

దేశంలో మొదటి బ్లాకింగ్‌లకు కాపీరైట్‌తో సంబంధం లేదు. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో అప్పటి ప్రభుత్వ ఐఎస్పీ వీఎస్ఎన్ఎల్ పాకిస్తాన్ పత్రిక ‘డాన్’ సైటును ఆపింది. 2003లో మేఘాలయకు చెందిన ఒక చిన్న యాహూ గ్రూపును ఆపమని ఆదేశం వస్తే, ఒక్క గ్రూపును విడిగా ఆపడం చేతకాక ఐఎస్పీలు యాహూ గ్రూప్స్ మొత్తాన్నే ఆపేశాయి. 2006 జులైలో కొన్ని బ్లాగుల విషయంలోనూ ఇలాగే జరిగింది. ఈ పొరపాటు తర్వాతి పదేళ్లూ పదేపదే కనిపిస్తుంది.

బయటి దేశాల్లో ఈ మార్గాన్ని తొక్కినవాటిలో డెన్మార్క్ ముందుంది. అక్కడి కోర్టు 2008 ఫిబ్రవరిలో ఫైల్ షేరింగ్ సైటు పైరేట్ బేను ఆపమంది. బ్రిటన్‌లో 2011 జులైలో న్యూజ్‌బిన్ కేసులో బీటీ సంస్థకు, 2012 ఏప్రిల్‌లో పైరేట్ బే కేసులో మరికొన్ని ఐఎస్పీలకు ఇటువంటి ఉత్తర్వులే వచ్చాయి. అమెరికాలో ఇందుకోసం తలపెట్టిన సోపా బిల్లు, 2012 జనవరి 18న వికీపీడియా సహా అనేక సైట్లు నిరసనగా తెర దించడంతో మూలపడింది.

చట్టం

సమాచార సాంకేతిక చట్టంలో 2008 సవరణ ద్వారా చేరిన 69ఎ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి సైట్లను ఆపే అధికారం ఇస్తుంది. దేశ సార్వభౌమత్వం, రక్షణ, శాంతిభద్రతలు వంటి కారణాలు అందులో ఉన్నాయి, కాపీరైట్ లేదు. కనుక నిర్మాతలు కోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. అక్కడ వారికి అందివచ్చింది ‘జాన్ డో’ ఉత్తర్వు. ప్రతివాది ఎవరో తెలియనప్పుడు అనామకుడి మీద తెచ్చుకునే నిషేధ ఉత్తర్వు ఇది. మన న్యాయవాదులు దీన్ని ‘అశోక్ కుమార్ ఆర్డరు’ అని కూడా అంటారు. దేశంలో మొదట 2002లో, ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను అనుమతి లేకుండా ప్రసారం చేస్తున్న కేబుల్ ఆపరేటర్ల మీద దిల్లీ హైకోర్టు దీన్ని ఇచ్చింది. కేబుల్ వైర్ల కోసం పుట్టిన ఉత్తర్వు తొమ్మిదేళ్ల తర్వాత ఇంటర్నెట్‌కు పాకింది.

2011: సింగం

హిందీ ‘సింగం’ 2011 జులై 22న విడుదలైంది. అంతకు రెండు రోజుల ముందు రిలయన్స్ ఎంటర్‌టైన్‌మెంట్ దిల్లీ హైకోర్టు నుంచి జాన్ డో ఉత్తర్వు తెచ్చుకుంది. సినిమాను అక్రమంగా పంచవద్దని అందులో ఉంది గానీ, ఫలానా సైట్లను ఆపమని పేర్లేమీ లేవు. అయినా కొందరు ఐఎస్పీలు మెగాఅప్‌లోడ్, మీడియాఫైర్ వంటి ఫైల్ హోస్టింగ్ సైట్లను గంపగుత్తగా ఆపేశారు. అప్పట్లో సొంత ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు పంపుకోవడానికి వాటినే వాడుకునే మామూలు జనానికి ఇది అయోమయంగా తోచింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఆ సినిమా తీసిన సంస్థ, సైట్లు ఆపిన ఐఎస్పీల్లో ఒకటైన రిలయన్స్ కమ్యూనికేషన్స్, అప్పట్లో ఒకే వ్యాపార కుటుంబానివి. డిసెంబరులో ‘డాన్ 2’ విడుదలప్పుడూ ఇదే కథ నడిచింది.

2012: ‘3’, ‘దమ్ము’

2012 మొదట్లో కలకత్తా హైకోర్టు సంగీత కంపెనీల సంఘం కోరిక మీద 104 పాటల సైట్లను ఆపమంది. సాంగ్స్ డాట్ పీకే వాటిలో ఒకటి. దానిపై పెద్దగా అలజడి రేగలేదు. అసలు రచ్చ చెన్నైలో మొదలైంది.

ధనుష్ నటించిన తమిళ సినిమా ‘3’ మార్చి 30న విడుదలైంది. దానికి ఒక రోజు ముందు నిర్మాణ సంస్థ ఆర్.కె. ప్రొడక్షన్స్ మద్రాసు హైకోర్టులో ఉత్తర్వు పొందింది. ఈ సినిమాలోని ‘కొలవెరి’ పాట ఇంటర్నెట్లో పాకి పాకి దేశమంతా మోగిన సంగతి ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది. ఏప్రిల్ 27న జూనియర్ ఎన్టీఆర్ హీరోగా బోయపాటి శ్రీను దర్శకత్వం వహించిన ‘దమ్ము’ వచ్చింది. దీనికి కూడా ఏప్రిల్ 25న అదే కోర్టు అదే తరహా ఉత్తర్వు ఇచ్చింది. రెండు కేసుల్లోనూ పని నడిపింది చెన్నైలోని కాపీరైట్ ల్యాబ్స్ అనే సంస్థ. బీఎస్ఎన్ఎల్ మొదలుకొని పలు ఐఎస్పీలు ప్రతివాదులు.

ఫలానా పేజీ అని ఉత్తర్వులో లేదు. దాంతో గీత ఎక్కడ గీయాలో ఐఎస్పీలే నిర్ణయించుకున్నారు. మే నెల నడిమికల్లా పైరేట్ బే మాత్రమే కాదు, వీడియో సైట్లయిన విమియో, డైలీమోషన్, రాతలు మాత్రమే పెట్టుకునే పేస్ట్‌బిన్ కూడా పలు నెట్‌వర్కుల్లో తెరుచుకోలేదు. సొంతంగా తీసుకున్న షార్ట్ ఫిల్ములు విమియోలో పెట్టుకునేవారి పని ఈ రెండు సినిమాల వల్ల ఆగిపోయింది. కోర్టు ఉత్తర్వుల వల్లనో టెలికాం శాఖ ఆదేశాల వల్లనో ఈ సైటు ఆపబడిందని తెర మీద ఒక పొడి వాక్యం కనిపించేది. రెంటిలో ఏది, ఏ కేసు, ఎవరిని అడగాలి అన్నది అందులో ఉండేది కాదు.

మే 17 నుంచి ‘అనానిమస్’ పేరిట హ్యాకర్లు సుప్రీంకోర్టు, కాంగ్రెస్ పార్టీ, కాపీరైట్ ల్యాబ్స్ సైట్ల మీద దాడులకు దిగారు. జూన్ 9న ముంబయి, దిల్లీ, బెంగళూరు తదితర నగరాల్లో యువకులు అనానిమస్ గుర్తయిన గై ఫాక్స్ ముసుగులు తగిలించుకుని వీధుల్లోకి వచ్చారు. సంఖ్య పెద్దది కాకపోయినా, సైట్లు ఆపడం మీద దేశంలో జనం రోడ్డెక్కిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

ఐఎస్పీలు తిరిగి కోర్టుకు వెళ్లారు. జూన్‌లో మద్రాసు హైకోర్టు ‘దమ్ము’ ఉత్తర్వును వివరిస్తూ, నిషేధం సినిమా ఉన్న యూఆర్ఎల్‌కే (పేజీ చిరునామాకే) తప్ప సైటు మొత్తానికి కాదని తేల్చింది. ఆ యూఆర్ఎల్ వివరాలు నిర్మాతే ఇవ్వాలి, అందిన 48 గంటల్లో ఐఎస్పీలు ఆపాలి. భారం ఎవరిదో సూటిగా చెప్పిన ఈ కొద్ది వాక్యాల వివరణ, అంతకుముందు ఏడాదిగా వచ్చిన ఉత్తర్వులన్నిటికంటే పనికొచ్చింది. తమ మీద అసలు దావాయే చెల్లదన్న ఐఎస్పీల వాదనను మాత్రం అదే కోర్టు ఆ ఏడాదే తోసిపుచ్చింది.

2014-2017

2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సమయంలో సోనీకి చెందిన ప్రసార సంస్థ మల్టీ స్క్రీన్ మీడియా ఆపమంటూ ఇచ్చిన 472 సైట్ల జాబితాను దిల్లీ హైకోర్టు ఆమోదించింది. అందులో గూగుల్ డాక్స్ కూడా ఉందని బయటపడ్డాక జాబితా 219కి తగ్గింది.

2016 జులైలో ఒకే వారంలో రెండు హైకోర్టులు రెండు దారులు పట్టాయి. ‘డిషూమ్’ కేసులో బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్, అడిగినదే తడవుగా సైట్లు ఆపడం కుదరదన్నారు. ప్రతి లింకునూ పరిశీలించి ప్రమాణపత్రం మీద ఇవ్వాలి. సైటు మొత్తం అక్రమ సరుకేనని చూపితే తప్ప దాన్ని పూర్తిగా ఆపకూడదు. ఆపినచోట కనిపించే నోటీసులో కేసు వివరాలు, అభ్యంతరం ఉన్నవారు ఏం చేయాలన్నది ఉండాలి. ఓపికగా రాసిన ఉత్తర్వు ఇది. జులై 29న దిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం దీనికి ఎదురుదారిలో వెళ్లింది. యూఆర్ఎల్‌లో ఒక అక్షరం మారిస్తే మళ్లీ తెరుచుకుంటుంది కనుక, పైరసీయే పనిగా పెట్టుకున్న సైట్లను మొత్తంగా ఆపవచ్చని స్టార్ ఇండియా కేసులో తీర్పునిచ్చింది. వాస్తవం చెప్పాలంటే రెండు కోర్టులు చెప్పిందీ నిజమే.

ఆ ఆగస్టులో టోరెంట్ సైటు తెరిచినవారికి కొత్త నోటీసు ఎదురైంది. ఇందులోని సరుకు చూసినా మూడేళ్ల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా అన్నట్టుగా ఉందది. వాట్సాప్‌లలో భయం పాకింది. కేవలం చూడటం కాపీరైట్ చట్టం కింద నేరం కాదని జస్టిస్ పటేల్ ఆ నెలాఖరులో స్పష్టం చేయాల్సి వచ్చింది.

2017 ఆగస్టులో మద్రాసు హైకోర్టు రెండు హిందీ సినిమాల కోసం ఇచ్చిన ఉత్తర్వుల జాబితాలో 2,650 సైట్లున్నాయి. పాత వెబ్ పేజీలను, పాత పుస్తకాలను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాటిలో ఒకటి. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతుల కోసం దాని మీద ఆధారపడే పాఠకులకూ కొన్నాళ్లు తలుపు మూసుకుంది.

తర్వాతి కాలం

2019 ఏప్రిల్ 10న యూటీవీ కేసులో దిల్లీ హైకోర్టు న్యాయమూర్తి మన్మోహన్ ‘డైనమిక్’ ఉత్తర్వుకు దారి తెరిచారు: ఆపిన సైటు కొత్త పేరుతో వస్తే మళ్లీ దావా వేయనక్కర్లేదు, జాయింట్ రిజిస్ట్రార్‌కు అర్జీ పెడితే చాలు. 2023 ఆగస్టులో అదే కోర్టు ఇంకా తీయని సినిమాలకు కూడా ఈ రక్షణ వర్తింపజేసింది. అదే ఏడాది సినిమాటోగ్రాఫ్ చట్ట సవరణతో, కోర్టుతో పని లేకుండా కేంద్ర ప్రభుత్వ నోడల్ అధికారులకే ఫిర్యాదు చేసే వీలు కలిగింది. ఇక ఐఎస్పీల అమలు తీరు చూస్తే, ఏ రెండు సంస్థలూ ఒకే జాబితాను పాటించడం లేదని బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు తేల్చారు.

తెలుగు సినిమా విషయానికొస్తే, 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ మొదటి సగం విడుదలకు ముందే పెడన ప్రాంతంలో బయటికి పొక్కడంతో, అక్టోబరు 9న రావాల్సిన సినిమాను సెప్టెంబరు 27కే విడుదల చేశారు. సీడీలుగా చేతులు మారిన ఆ కాపీని ఏ ఐఎస్పీ కూడా ఆపగలిగేది కాదు. 2016లో తెలంగాణ ప్రభుత్వం మేధో సంపత్తి నేరాలకు ప్రత్యేక విభాగం ప్రకటించింది. తెలుగు సినిమాలను అక్రమంగా పెట్టే ఐబొమ్మ సైటు పేర్లు మార్చుకుంటూ ఏళ్ల తరబడి బ్లాకింగ్‌ను తప్పించుకుంది. 2025 నవంబరులో దాని నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశాకే ఆ సైటు మూతపడింది.