మా ఫోల్డింగ్ డోర్ చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి వినైల్ ఫోల్డింగ్ డోర్ చరిత్ర మనవి చేస్తాను.

1986లో మేము హైదరాబాదులో రెండు గదుల ప్రభుత్వ క్వార్టరులో ఉండేవాళ్లం. మా అమ్మ మంచాన పడింది. పిల్లలవి పరీక్షల రోజులు. చెక్క తలుపుకు డబ్బు లేదు, తెరవడానికి చోటూ లేదు. హార్మోనియం తిత్తిలా ముడుచుకునే ఈ తలుపే ముందుగదిని రెండు చేసింది. 2008లో రిటైరై సొంత ఇంటికి మారినప్పుడు దాన్నీ వెంట తెచ్చుకున్నాం.

ఈ పదార్థానికి పెద్ద వంశమే ఉంది. 1835లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెన్యో వినైల్ క్లోరైడ్ వాయువు తయారుచేశారు. 1872లో జర్మనీకి చెందిన బౌమన్, ఎండ తగిలిన సీసాలో అది తెల్లని గట్టి పదార్థంగా మారడం గమనించారు. అదే పి.వి.సి. కాని అది పెళుసు. 1926లో అమెరికాలో బి.ఎఫ్. గుడ్రిచ్ కంపెనీ ఉద్యోగి వాల్డో సీమన్, రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం ప్రయత్నిస్తూ, దాన్ని ఒక ద్రావకంలో వేసి కాచారు. జిగురు రాలేదు గాని, వంగే పదార్థం వచ్చింది. ఆ వంపు లేకపోతే మా తలుపుకు మడత లేదు.

మైనం ఇంకా పాతది. తేనెమైనం, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుండి తీసే కార్నోబా మైనం కలిసిన పాలిష్ చెక్కకు మంచిది. చెక్క రంధ్రాలను పూడ్చి తేమను కొంతవరకు అడ్డుకుంటుంది. వినైల్ మైనాన్ని పీల్చుకోదు. అది పైపొరగా నిలిచి వంటింటి జిడ్డును, దుమ్మును పట్టుకుంటుంది.

ఈ సంగతి తెలియక బల్లలకు వాడే పాలిష్ డబ్బా కొనుక్కొచ్చి, ఏటా సంక్రాంతికి తలుపుకు రాయమని మా ఆవిడకు చెప్పింది నేనే. తలుపు పసుపెక్కుతుంటే సరిగా తుడవడం లేదని కసిరిందీ నేనే. తప్పు నోటు పెట్టింది నేను, మెమో అందుకున్నది ఆవిడ. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

ఈమధ్య మడతలు అతుక్కుపోతే, తీసి పారేద్దామన్నాడు మా అబ్బాయి. వారం గడువు అడిగాను. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తని గుడ్డతో మడత మడతా తుడిచాను. మొండికేసిన చోట, ముందు ఒక మూల పరీక్షించి, గుడ్డకు కొద్దిగా టర్పెంటైన్ అద్ది రుద్ది, వెంటనే సబ్బునీళ్లతో కడిగాను. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి మరీ చేశాను. థిన్నరు, గోళ్లరంగు తీసే మందు వాడరాదు. అవి వినైల్‌నే మెత్తబరుస్తాయి. మరిగే నీళ్లు, చాకు కూడా పనికిరావు.

మూడోనాటికి మీగడ రంగు బయటపడింది. అప్పుడు గమనించాను. మైనం దళసరిగా ఉన్నది కింది నుంచి ఆవిడ చెయ్యి అందేంత ఎత్తు వరకే. పైన పలచనే. ఆవిడ తుడవకపోవడం కాదు, చెప్పినదంతా చేసింది.

తలుపు ఇప్పుడు చక్కగా నడుస్తోంది. మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఇంట్లో ఇలాంటి పాత ఫైళ్లుంటే, అవతలివారు ఉండగానే తిరగేసి తప్పు ఒప్పుకోండి. నాలాగా తలుపుతో చెప్పుకునే పరిస్థితి తెచ్చుకోకండి.