‘ఈజీ రైడర్’ మోటారుసైకిలు: ప్రతిసంస్కృతి సినిమా మరచిన చేతులు

1969 జూలైలో విడుదలైన ‘ఈజీ రైడర్’ను తలచుకోగానే ముందుగా స్ఫురించేది కథ కాదు, ఒక మోటారుసైకిలు. ముందుకు చాచిన పొడవాటి ఫోర్కు, ఎత్తైన హ్యాండిల్, అమెరికా జెండా రంగులు పూసిన పెట్రోలు ట్యాంకు. పీటర్ ఫోండా నడిపిన ఈ ‘కెప్టెన్ అమెరికా’ 1960ల ప్రతిసంస్కృతికి చిహ్నంగా సినిమా చరిత్రలో స్థిరపడింది. దానిని తయారుచేసినవారి పేర్లు మాత్రం చిత్రం టైటిల్స్‌లో లేవు.

ఈ విస్మరణకు మూలం బైకర్ చిత్రాల పుట్టుకలోనే ఉంది. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ పట్టణంలో మోటారుసైకిలు పోటీలకు వచ్చినవారు చేసిన అల్లరి నిజానికి పెద్దదేమీ కాదు. బీరు సీసాల నడుమ వాహనంపై వాలిన మనిషి ఛాయాచిత్రాన్ని ‘లైఫ్’ పత్రిక ప్రచురించడంతో అది దేశవ్యాప్త భయంగా మారింది. ఆ బొమ్మ కావాలని అమర్చి తీసినదన్న వాదం నేటికీ ఉంది. ఆ ఘటనపై ఫ్రాంక్ రూనీ 1951లో కథ రాయగా, దాని ఆధారంగా 1953లో లాస్లో బెనెడెక్ దర్శకత్వంలో ‘ది వైల్డ్ వన్’ వచ్చింది. బ్రిటన్ సెన్సారు 1967 వరకు దానికి ధ్రువపత్రమే ఇవ్వలేదు. చట్టాన్ని ధిక్కరించే బైకర్ ఆ విధంగా పత్రికలో పుట్టి తెరపై పెరిగాడు. రోజర్ కార్మన్ తీసిన ‘ది వైల్డ్ ఏంజెల్స్’ (1966)తో లాభసాటి సరుకయ్యాడు. ఆ వెంటనే వరుసకట్టిన చవక అనుకరణలలో అధికభాగం చర్చకు తగినవి కావు. వీటన్నిటిలోనూ తిరుగుబాటుదారు దాదాపుగా తెల్లవాడే.

వాస్తవం వేరు. ఓక్లండ్‌లో ‘ఈస్ట్ బే డ్రాగన్స్’ అనే నల్లజాతి మోటారుసైకిలు సంఘం 1959లోనే ఏర్పడింది. లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగంలో బెన్ హార్డీ అనే నల్లజాతి మెకానిక్ పేరుపొందిన చాపర్ నిర్మాత. ‘ఈజీ రైడర్’ వాహనాల రూపకల్పనను నడిపించిన క్లిఫ్ వాస్ కూడా నల్లజాతివాడే. విద్యార్థి అహింసా సమన్వయ సమితి తరఫున దక్షిణాది రాష్ట్రాలలో పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసినవాడు. పోలీసులు వాడి వేలంలో అమ్మిన పాత హార్లీ డేవిడ్‌సన్‌లను కొని, విప్పి, హార్డీ చేత కొత్తగా కట్టించారు. పోలీసు బండి స్వేచ్ఛకు గుర్తుగా మారడంలోని వ్యంగ్యం వాస్‌కు తెలియనిది కాదనే అనుకోవాలి.

చిత్రంలో కథానాయకులు దక్షిణాదికి చేరినపుడు కెమెరా భవంతులను, ఆపై నల్లవారి గుడిసెలను దాటుకుంటూ పోతుంది. గుడిసెల ముందు మనుషులున్నారు. ఎవరికీ మాట లేదు. దర్శకుడు డెనిస్ హాపర్ ఆ దృశ్యాన్ని సానుభూతితోనే తీసి ఉండవచ్చు. అయినా బండి ఆగలేదు.

అదే ఏడాది డిసెంబరు 6న ఆల్టమాంట్ సంగీతోత్సవంలో హెల్స్ ఏంజెల్స్ సభ్యుడొకడు మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ళ నల్లజాతి యువకుని పొడిచి చంపాడు. హంటర్ చేతిలో తుపాకీ ఉండడంతో ఆత్మరక్షణ వాదం నెగ్గి, నిందితుడు విడుదలయ్యాడు. 1970 నాటి ‘గిమ్మీ షెల్టర్’ డాక్యుమెంటరీలో ఆ క్షణాలు నమోదై ఉన్నాయి. అంతవరకు తెరపై కల్పనగా ఉన్న బైకర్ హింస ఇక్కడ కల్పన కాదు.

‘ఈజీ రైడర్’ కోసం నిర్మించిన నాలుగు వాహనాలలో మూడు చిత్రం విడుదలకు ముందే దొంగలపాలయ్యాయి. నాలుగవది చివరి దృశ్యంలో దెబ్బతిన్నది. దానిని బాగుచేసినదంటూ 2014లో వేలానికి వచ్చిన బండి, అసలుదా కాదా అన్న వివాదం నడుస్తుండగానే, 13.5 లక్షల డాలర్లకు పోయింది. బెన్ హార్డీ అప్పటికి ఇరవయ్యేళ్ళ క్రితమే మరణించాడు.