మిరప మంట, పత్తి మందు, కంటి నరాలు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిరప బస్తా) విప్పితే చాలు, కొత్తవాళ్లకు కళ్లు నీళ్లు కారతాయి. కల్లాల్లో కాయలు ఏరే, తొడిమలు తీసే ఆడవాళ్లకు ఇది సీజనంతా ఉండే బాధే. ఆ మంటను మెదడుకు చేరవేసేది ఐదో కపాల నరం. కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, కార్నియాలో దీని కొనలు చర్మంలో కన్నా ఎన్నో రెట్లు దట్టంగా ఉంటాయి.

మెదడు నుంచి నేరుగా వచ్చే ఈ కపాల నరాలను ప్రాచీన వైద్యుడు గాలెన్ ఏడు జతలుగా లెక్కించాడు. 1664లో ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ తొమ్మిదన్నాడు. 1778లో జర్మనీకి చెందిన జోమరింగ్ పన్నెండుగా తేల్చాడు. గుంటూరు వైద్య కళాశాలలోనూ నేడు చెప్పేది ఆ లెక్కే. వాటిలో ఆరింటికి కంటితో పని. రెండోది చూపును మోస్తుంది. మూడు, నాలుగు, ఆరు కనుగుడ్డును తిప్పుతాయి. ఏడోది రెప్ప మూస్తుంది.

ఐదోది కేవలం నొప్పి తెలిపే నరం కాదని 1824లో బయటపడింది. ఫ్రాన్స్‌లో మజాందీ అనే శాస్త్రవేత్త కుందేళ్లలో దాన్ని కోసి చూస్తే కార్నియా మసకబారి పుండు పడింది. ఆ పొర ఆరోగ్యంగా ఉండాలన్నా ఈ నరమే కావాలి. నా దృష్టిలో కంటి వైద్య చరిత్రలో ఇంతకు మించిన మలుపులు తక్కువ.

మిరప దగ్గరకు శాస్త్రం వచ్చింది హంగేరీలో. మనలాగే మిరపకు పేరుపడ్డ సెగెడ్ నగరంలో 1940ల్లో యాంచో అనే శాస్త్రవేత్త మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్‌ను జంతువులపై పదేపదే ప్రయోగించాడు. కొన్నాళ్లకు అవి ఆ మంటకు స్పందించడం మానేశాయి. ఆ ఘాటును పట్టే గ్రాహకాన్ని 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ అదే స్పందిస్తుంది. అందుకే కారం తగిలితే నిజంగా కాలినట్టే ఉంటుంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక పత్తి. 1987-88లో తెల్లదోమ ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తుడిచిపెట్టింది. అప్పులపాలైన రైతుల ఆత్మహత్యలు ఈ నేలకు మానని గాయం. పత్తిపై కొట్టిన మందుల్లో మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు ఒంట్లోని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగనివ్వవు. మూడో నరం వెంట కంటికి చేరే తంతువులు కంటిపాపను కుదించేది ఆ రసాయనంతోనే. అది పేరుకుపోతే పాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకబారుతుంది. క్యాజువాలిటీలో డాక్టరు టార్చి వేసి ముందుగా చూసేవాటిలో అదొకటి. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మన పొలంగట్ల ఉమ్మెత్తలోనూ ఉంది. అయితే ఉమ్మెత్తతో సొంత వైద్యం ప్రాణాంతకం.

గుంటూరులోనే వైద్యం చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నెలకొల్పారు. కార్నియా వైద్యం మనకు దగ్గరైంది. గుంటూరు దగ్గరి పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది.

కాబట్టి మిరప పనివాళ్లూ, పత్తి రైతులూ, ఒక్క మాట వినండి. కారం చేతితో కన్ను నలపకండి. చేతులు సబ్బుతో కడుక్కుని, కంటిని ధారాళంగా మంచినీళ్లతో కడగండి. మందు కొట్టాక చూపు మసకబారితే ఆ బట్టలు విప్పి, ఒళ్లు కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. షుగరో, కుష్ఠో, ముఖాన సర్పియో ఉన్నవారికి కన్ను ఎర్రబడీ నొప్పి లేదంటే నరం దెబ్బతిని ఉండొచ్చు. నొప్పి లేదు కదా అని ఆగకుండా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.