బొమ్మను నిలిపిన చేతులు

ఉప్పల్, నాచారం ప్రాంతాలలో, నగరమంతటా వలెనే, దుకాణాల గోడలపై ఒకప్పుడు కుంచెతో వ్రాసిన పేర్లు, బొమ్మలు కనిపించేవి. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత ఆ వ్రాత చాలావరకు మరుగున పడినది. వ్రాసిన చేతులు ఎవరివో చెప్పగలవారు నేడు అరుదు. బొమ్మ వ్రాయడం ఒక పని. దానిని కాపాడడం మరొక పని. ఈ రెండవ పని ఎంత గొప్పదో ఇద్దరు చిత్రకారుల చరిత్ర వల్ల మనకు తెలుస్తున్నది.

మొదటివారు హాలెండు దేశీయులైన విన్సెంట్ వాన్ గో. 1853లో జన్మించి, 27వ ఏట గాని వారు చిత్రకళను వృత్తిగా చేపట్టలేదు. ఇంప్రెషనిస్టులు కంటికి కనబడే వెలుగును పట్టుకోజూశారు. వారి తరువాత వచ్చిన వాన్ గో అదే రంగుచేత మనసులోని ఆవేదనను కూడ పలికించారు. 1890లో, 37వ ఏట, మరణించేనాటికి 800కు పైగా తైలవర్ణ చిత్రాలు వ్రాశారు. అమ్ముడుపోయినవి అతి స్వల్పం. ఆరు మాసాలకే తమ్ముడు థియో కూడ కన్నుమూశారు. థియో భార్య యోహన్నకు అప్పటికి 28 ఏండ్లు. ఏడాది నిండని బిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని చిత్రాలు ఆమెకు మిగిలాయి. ఆమె వాటిని వదలలేదు. ఊరూరి ప్రదర్శనలకు పంపారు. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 470కి పైగా కృతులను ప్రదర్శింపజేశారు. 1914లో వాన్ గో తమ్మునికి వ్రాసిన లేఖలను ప్రకటించారు. వాన్ గో పేరు లోకమంతటా వ్యాపించడానికి ఆమె దీక్షయే ముఖ్య కారణం.

రెండవవారు మన దామెర్ల రామారావుగారు. వీరి మార్గం వేరు. భారతీయ సంప్రదాయమే వీరికి ఆధారం. 1897లో రాజమహేంద్రవరంలో జన్మించిన వీరి ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినవారు అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. అడివి బాపిరాజుగారు కూడ ఆ దొరగారి శిష్యులే. రామారావుగారు బొంబాయి జె.జె. కళాశాలలో అభ్యసించి, తిరిగి వచ్చి, గోదావరి ఒడ్డున చిత్రకళాశాల నెలకొల్పారు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకారం’ వీరి ప్రసిద్ధ కృతులు. 1925లో మశూచి సోకి, 28 ఏండ్లయినా నిండకుండానే వీరు మరణించారు.

ఆ చిత్రాలు కూడ చెల్లాచెదురు కావలసినవే. కాని భార్య సత్యవాణిగారు, మిత్రులు వరదా వెంకటరత్నంగారు వాటిని కాపాడారు. సత్యవాణిగారు స్వయంగా చిత్రకారిణి. వెంకటరత్నంగారు మిత్రుని పాఠశాలను నిలబెట్టారు. రాజమహేంద్రవరంలో రామారావుగారి పేర వెలసిన చిత్రశాల ఆ శ్రమ ఫలమే.

చిత్రకారుని కీర్తిని తలచుకొనేటప్పుడు ఈ చేతులను కూడ తలచుకోవడం న్యాయమని మేము భావిస్తున్నాము. మన ఇండ్ల పెట్టెలలోనూ తాతగారు గీసిన బొమ్మో, అత్తగారు కాగితంపై వేసిన ముగ్గో ఉండవచ్చును. దాని వెనుక వ్రాసినవారి పేరు, సంవత్సరం వ్రాసి ఉంచుదాము. అంతమాత్రానికి మనకు కుంచె పట్టడం రానక్కరలేదు.