ఈజిప్టు ప్రాచీన కట్టడముల తొలి ఛాయాచిత్రములు

ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైన సంవత్సరముననే నైలునదీతీరమునకు చేరెను. 1839 ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమున విజ్ఞానశాస్త్ర, లలితకళా పరిషత్తులు కూడిన సభలో లూయీ డాగెర్ కనిపెట్టిన విధానము బహిరంగముగా వివరింపబడెను. నవంబరు మొదటివారము గడచునప్పటికే ఆ పరికరము అలెగ్జాండ్రియా రేవున దిగి, ఈజిప్టు పాలకుడైన ముహమ్మద్ అలీ ప్రాసాదము నెదుట నిలుపబడెను. ఇంత త్వరకు బలమైన కారణము కలదు. 1798లో నెపోలియను వెంట వెళ్లిన పండితులు సిద్ధపరచిన 'ఈజిప్టు వర్ణనము' అను బృహద్గ్రంథము ఆ దేశపు దేవాలయములను, సమాధులను ఐరోపా విద్వాంసులకు పరిచయము చేసెను. 1822లో షాంపోలియన్ చిత్రలిపి రహస్యమును ఛేదించిన పిదప గోడలపై చెక్కబడిన ప్రతి అక్షరమునకును చదువదగిన విలువ కలిగెను. కాని ఆ గ్రంథములోని శాసనములను చూచి వ్రాసినవారు ఆ లిపి నెరుగనివారు. పక్షి తల యెటు తిరిగియున్నదో, గీతలు రెండో మూడో గమనింపక వ్రాసిన ప్రతి పండితునకు ఉపకరింపదు. అందుచేతనే, 1839 జూలై 3వ తేదీన ఫ్రెంచి ప్రతినిధుల సభలో డాగెర్ పక్షమున ప్రసంగించిన ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా అరాగో, థీబ్స్, మెంఫిస్, కర్ణాక్ కట్టడములను కప్పియున్న లక్షలాది చిత్రాక్షరములను చేతితో దింపుటకు చిత్రకారుల దండులును దశాబ్దముల కాలమును కావలయుననియు, ఈ క్రొత్త పరికరముతో ఒక్క మనుష్యుడు ఆ పనిని నెరవేర్పగలడనియు వాదించెను. ఛాయాగ్రహణమునకు ఈజిప్టు శాసనములు పుట్టుకతోనే విధింపబడిన కర్తవ్యమని చెప్పవచ్చును. ఆ కర్తవ్యము సరిగా నెరవేరుటకు తొంబది యేండ్లు పట్టెను.

అలెగ్జాండ్రియాలో తొలిచిత్రము తీసినవారు చిత్రకారుడైన ఒరాస్ వెర్నెయు, ఆయన తోడివాడు ఫ్రెడెరిక్ గూపిల్-ఫెస్కెయు. స్విట్జర్లాండులో పుట్టి కెనడాలో స్థిరపడిన జోలీ ద లోట్‌బినియేర్ కూడ ఆ కాలముననే నైలునది వెంట సంచరించుచు దేవాలయముల చిత్రములు తీసెను. వెండిపూత గల రాగిఫలకమునకు అయోడిను ఆవిరి పట్టించి, కెమెరాలో వెలుతురు చూపి, పాదరసపు ఆవిరితో బింబమును వెలికి తెచ్చుట డాగెర్ పద్ధతి. బింబము అతిసూక్ష్మమైన వివరములతో వచ్చును గాని, ఫలకము ఒక్కటే. దానినుండి ప్రతులు తీయ వీలులేదు. పైగా కుడియెడమలు తారుమారగును. అందుచేత ఈ చిత్రములను లెరెబూర్ అను ప్రకాశకుడు 1840, 1844 సంవత్సరముల మధ్య చెక్కుడుపని వారిచేత మరల గీయించి అచ్చువేయింపవలసివచ్చెను. వారు తమకు తోచిన మనుష్యాకృతులను, మేఘములను అందు చేర్చిరి. చేతిపనిని తప్పించుటకై పుట్టిన విద్య తిరిగి చేతిపనికే లోబడినది. 1842 మొదలు మూడేండ్లు తూర్పుదేశములలో సంచరించి తొమ్మిదివందలకు పైగా ఫలకములను సిద్ధపరచిన గిరో ద ప్రాంజే కృషి ఇంకను విషాదకరము: ఆయన 1892లో మరణించువరకును ఆ నిధి లోకమునకు తెలియలేదు, 1920 తరువాతగాని అది వెలుగుచూడలేదు.

ప్రతులు తీయరాని ఈ బంధనమునుండి విడుదల కాగితము వలన కలిగెను. ఆంగ్లేయుడైన టాల్బట్ 1841లో ప్రకటించిన కాలోటైపు పద్ధతిలో కాగితముపై నెగటివు ఏర్పడును. దానినుండి కావలసినన్ని ప్రతులు తీయవచ్చును. టాల్బట్ స్వయముగా చిత్రలిపియందు ఆసక్తి గలవాడు. ఒక ఈజిప్టు శాసనపు ప్రతిని ఛాయాచిత్రముగా ముద్రించి, దాని అనువాదముతో 1846లో చిన్నపుస్తకమును వెలువరించెను. అయినను ఈ పద్ధతిని క్షేత్రమునకు కొనిపోయి గ్రంథముగా ఫలింపజేసిన కీర్తి ఫ్రెంచి రచయిత మాక్సిమ్ ద్యు కాంకు చెందినది. ప్రభుత్వ విద్యాశాఖ పంపున, శాసనముల పరిషత్తువారి ఆదేశములతో, తరువాతికాలమున నవలాకారుడుగా ప్రఖ్యాతిగాంచిన మిత్రుడు గుస్తావ్ ఫ్లాబేర్ తోడురాగా, ఆయన 1849 చివర బయలుదేరెను. ఛాయాగ్రహణమును గుస్తావ్ ల గ్రే వద్ద ప్రయాణమునకు ముందే నేర్చుకొన్నవాడు. అబూ సింబెల్‌లో కొండను తొలిచి చెక్కిన రామ్సెసు మహావిగ్రహములు ఇసుకలో కూరుకొనియుండగా, ద్యు కాం తన పడవవారిచేత ఒక ముఖమును గడ్డము వరకు బయటికి తీయించి, పిదప చిత్రము తీసెను. కట్టడముల పరిమాణము చదువరికి తెలియుటకై హాజీ ఇస్మాయిల్ అను నూబియా పడవవానిని స్తంభములచెంతను, విగ్రహములపైనను నిలుపుచుండెడివాడు. నిమిషములతరబడి కదలకుండ నిలువవలసియుండుటచే, కెమెరా ముందున్న ఇత్తడి గొట్టము ఫిరంగియనియు, కదలినచో గుండు పేలుననియు ఆయన ఆ అమాయకుని బెదరించెనట. ఆ బెదరింపు మెచ్చదగినది కాదు. కాని ఆ మనుష్యుడు నిలిచియుండుట వలననే నేడు ఆ చిత్రములలోని స్తంభముల యెత్తును, ఇసుక లోతును మనము అంచనా వేయగలుగుచున్నాము. శాస్త్రీయ ఛాయాచిత్రమున కొలబద్ద నుంచు ఆచారమునకు అతడే ఆద్యుడనదగిన సేవకుడు, అతని పేరు మరువరాదు. ద్యు కాం చిత్రములలో 125 ఎన్నికై, లిల్లు పట్టణమున బ్లాంకార్-ఎవ్రార్ ముద్రణాలయమున ప్రతులు తీయబడి, 1852లో గ్రంథరూపమున వెలువడినవి. యాత్ర ముగియకుండగనే ఆయన తన పరికరమును బేరూతులో జరీబట్టలకు మారకమిచ్చి, మరల ఎన్నడును ఛాయాగ్రహణము జోలికి పోలేదు.

ఆ వెనుక వచ్చినవారిలో ఇద్దరు ఆయనకంటె నిశితదృష్టి గలవారు. గ్రెనోబుల్ నివాసి, కట్టడముల ఇంజనీరు ఫెలిక్స్ తేనార్ 1851-52లో తీసిన చిత్రములు 1858లో 160 ఫలకముల గ్రంథముగా పూర్తియయ్యెను. రాతికీలు, పగులు, నీడ ఇవి కట్టడము నిలుకడను ఎట్లు తెలుపునో ఇంజనీరునకు గాక మరెవరికి తెలియును? జాన్ బీస్లీ గ్రీన్ ఫ్రాన్సులో పుట్టిన అమెరికను యువకుడు. ల గ్రే శిష్యుడు. 1853లో ఈజిప్టు చేరి, మరుసటి యేటనే తన చిత్రసంపుటమును ప్రకటించి, 1855లో మెదినెత్ హాబు దేవాలయమున స్వయముగా త్రవ్వకములు జరిపించి, వెలువడిన శాసనములను వరుసగా చిత్రములలో నిక్షేపించెను. త్రవ్వుటకును చిత్రించుటకును పూనిక ఒక్కనియందే కలసియుండుట ఇదియే మొదటిసారి యనదగును. 1856లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. జీవించియున్నచో పురాతత్త్వ ఛాయాగ్రహణము ఇంకను ముందుగనే స్థిరపడియుండెడిదేమో.

1851లో ఫ్రెడెరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియను పద్ధతి గాజుఫలకములను వాడుకలోనికి తెచ్చెను. కాగితపు నారల మసక తొలగి వివరములు స్పష్టమయ్యెను. కాని ఫలకమునకు ద్రవము పూసి, తడియారకముందే చిత్రము తీసి, వెంటనే కడుగవలెను. ఎడారిలో ఇది ఎంతటి తపస్సో ఫ్రాన్సిస్ ఫ్రిత్ అనుభవము తెలుపుచున్నది. లివర్‌పూలులో పచారీ వ్యాపారమును అమ్మివేసి, 1856, 1860 సంవత్సరముల మధ్య మూడుమారులు తూర్పుదేశములకు వెళ్లిన ఈయన, ఫారన్‌హీటు కొలతలో 110 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి చొరని చిన్న డేరాయందు, ఫలకముపై పోసినంతనే ఉడుకుచుండెడి ద్రవముతో, దుమ్ముతో, ఈగలతో పెనుగులాడుచు పనిచేసెను. దొరికినచోట్ల పాతసమాధుల చల్లదనమునే చీకటిగదిగా వాడుకొనెను. ఆయన గొనిపోయిన మూడు కెమెరాలలో పెద్దదాని ఫలకము 16 అంగుళముల వెడల్పు, 20 అంగుళముల పొడవు గలది. పెంపుచేయు సాధనములు సులభముగా లేని ఆ దినములలో చిత్రము ఎంతయో ఫలకమును అంతయే కావలెను.

పిరమిడ్ల లోపలి చీకటిని తొలిగా చిత్రించినవాడు స్కాట్లండు రాజఖగోళజ్ఞుడు చార్లెస్ పియాజీ స్మిత్. ఆయన 1865లో గీజా మహాపిరమిడ్ చెంత ఒక సమాధియందే నివసించి, అంగుళము ప్రమాణము గల గాజుఫలకములతో పనిచేయు చిన్న కెమెరాను తానే కల్పించుకొని, మెగ్నీషియము కాల్చిన వెలుగులో లోపలి గదులను చిత్రించెను. చిన్న నెగటివు నుండి పెద్ద ప్రతిని తీయవచ్చునను ఆయన ఆలోచన కాలమునకు ముందున్నది. అయితే ఆయన నమ్మిన సిద్ధాంతము, అనగా పిరమిడ్ కొలతలలో దైవప్రేరితమైన జ్ఞానము ఇమిడియున్నదనునది, నిరాధారము. ఆ సిద్ధాంతమును పరీక్షించుటకై 1880లో గీజాకు వచ్చిన యువకుడు ఫ్లిండర్స్ పెట్రీ సూక్ష్మమైన కొలతలు తీసి దానిని ఖండించెను. సిద్ధాంతము కూలినను చిత్రములు నిలిచినవి.

1860 తరువాత వ్యాపారస్థులు ప్రవేశించిరి. 1869లో సూయెజు కాలువ తెరువబడుటయు, యాత్రికుల పడవలు పెరుగుటయు హామర్‌ష్మిట్, సెబా, బోన్‌ఫిస్, జంగాకీ సోదరులు మొదలగువారికి అనుకూలించెను. వీరిలో లక్సోరులో దుకాణము పెట్టి నాలుగు దశాబ్దములు గడిపిన ఆంటోనియో బెయాటో ప్రత్యేకముగా పేర్కొనదగినవాడు; 1858లో లక్నో శిథిలములను చిత్రించిన ఫెలీచె బెయాటో ఈయన సోదరుడే. ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి స్మరణీయము: ఫ్రిత్ తూర్పుదేశములలో శ్రమించుచున్న 1858లోనే మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లిన్నేయస్ ట్రైప్, మద్రాసు మ్యూజియమునకు చేరిన అమరావతీ స్తూపశిల్పములను చిత్రించెను. ప్రాచీనశిల్పమును ముందుగా చిత్రములో భద్రపరుపవలెనను భావము ఆనాడు రెండు దేశముల శిల్పసంపదకును వర్తించినది. బెయాటో వంటివారి చిత్రములు అమ్మకమునకై తీసినవైనను, ఒకే ద్వారమును, ఒకే స్తంభశాలను యేటేట తీయుటచే మార్పులను తెలుపు వరుస ఏర్పడెను. ఆ విలువ గుర్తించియే ఈజిప్టు పురాతత్త్వశాఖాధిపతి మస్పెరో బెయాటో మరణానంతరము ఆయన నెగటివులను కైరో మ్యూజియమునకు కొనెను. పురాతత్త్వశాఖవారి పద్ధతి మాత్రము చాలకాలము లోపభూయిష్ఠమే. 1881లో దైర్ అల్ బహ్రీ చెంత రాజుల శవపేటికలనేకము ఒకేచోట దొరకగా, ఆ శాఖోద్యోగి ఎమీల్ బ్రుగ్ష్ రెండు దినములలో వానిని పైకి తీయించెను; స్వయముగా ఛాయాగ్రాహకుడయ్యును వానిని ఉన్నచోట ఉన్నట్లు ఒక్క చిత్రమైనను తీయలేదు. దొంగల భయమెంతటిదైనను ఆ నష్టము క్షమింపరానిది.

ఈ తొలి ఛాయాచిత్రముల విలువ తెలియుటకు అర్మంత్ అను ఊరొక్కటి చాలును. అచ్చట క్లియోపాత్రా కాలపు చక్కని దేవాలయము ఉండెడిది. 1860 దశకపు తొలి వత్సరములలో చక్కెర కర్మాగారము కొరకు దానిని పడగొట్టి రాళ్లను వాడివేసిరి. తేనార్, గ్రీన్, ఫ్రిత్ మొదలగువారు అంతకుముందు తీసిన చిత్రములును, పూర్వుల రేఖాచిత్రములునే నేడు ఆ కట్టడమునకు మిగిలిన సాక్ష్యములు. ఫిలే ద్వీపదేవాలయములు 1902లో అస్వాను ఆనకట్ట పూర్తియైన పిదప యేటేట నీట మునిగి, స్తంభములపై వేలయేండ్లు నిలిచిన రంగులను కోల్పోయినవి. 1899 అక్టోబరులో కర్ణాక్ మహాస్తంభశాలలో పదునొకండు స్తంభములు కూలినవి. సింహనరాకృతియైన స్ఫింక్సు భుజములవరకు ఇసుకలో మునిగియున్న స్థితియు ద్యు కాం వంటివారి చిత్రములలోనే చూడవలెను.

1871లో మాడాక్స్ సూచించిన జెలటిను పొడిఫలకములు శ్రమను తగ్గించెను. పెట్రీ బిస్కత్తు డబ్బాతో చేసికొన్న కెమెరాతో పనిచేసెను. అమెరికను పురాతత్త్వజ్ఞుడు రైస్నర్ గీజాలో కుఫ్త్ గ్రామపు ఈజిప్టు పనివారికే ఈ విద్య నేర్పించెను. వారిలో ముహమ్మదానీ ఇబ్రహీము వంటివారు వేలకొలది గాజుఫలకములను సిద్ధపరచిరి. 1922లో టుటంఖామెన్ సమాధి దొరకినప్పుడు ఛాయాగ్రాహకుడు హారీ బర్టన్, చెంతనున్న మరియొక సమాధిని చీకటిగదిగా చేసికొని, సంఖ్యాపత్రము పెట్టి చిత్రము తీయనిదే ఏ వస్తువును కదలనీయని నియమమును పాటించెను.

అరాగో కోరిన శాసనప్రతుల మాటకు వచ్చినచో, ఛాయాచిత్రము ఒంటరిగా ఆ పనికి చాలదని అనుభవము తెలిపెను. ఒకవైపునుండి పడు వెలుగులో కొన్ని గీతలు నీడలో మునుగును. అరిగిన అక్షరమును రాతిపగులునుండి వేరుచేయుట కెమెరాకు తెలియదు. నీలపు వెలుగునే ఎక్కువగా గ్రహించు ఆనాటి ఫలకములపై ఎరుపు, పసుపు రంగులు నల్లగా పడును. కావున 1924లో షికాగో విశ్వవిద్యాలయ పక్షమున బ్రెస్టెడ్ లక్సోరులో స్థాపించిన సంస్థ ఒక పద్ధతిని రూపొందించెను: పెంపుచేసిన ఛాయాచిత్రముపై గోడ యెదుటనే చిత్రకారుడు పెన్సిలుతో రేఖలు గీయును; వానిని సిరాతో దిద్దిన పిదప ఛాయాచిత్రమును రసాయనముతో మాపివేసి రేఖలనే మిగుల్తురు; ఆ ప్రతిని లిపిపండితులు గోడతో మరల సరిచూతురు. కెమెరాయు, చేయియు, చదువును కలసిన ఈ విధానమున మెదినెత్ హాబు దేవాలయమును గూర్చిన తొలిసంపుటము 1930లో వెలువడెను.