నూరో గడిలో పేరు

గ్రంథాలయశాస్త్రంలో చేరిన విద్యార్థినికి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ప్రాథమికాంశాల పేపరు ఎలా మొదలవుతుందో ఆ పాఠాలు తిరగేసిన వాళ్ళకి తెలుసు. కంప్యూటర్ తరాలు, వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఇన్‌పుట్ పరికరాలు, ఔట్‌పుట్ పరికరాలు. కంప్యూటర్ పితామహుడు ఛార్లెస్ బాబేజ్. పక్క పేపర్లో భారత గ్రంథాలయశాస్త్ర పితామహుడు రంగనాథన్, ఆంధ్ర గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య. పితామహులు లేకుండా మనకి ఏ శాస్త్రమూ మొదలు కాదు కదా! ఇంతమంది పితామహుల మధ్య, ఆ విద్యార్థిని రేపు ఉద్యోగంలో రోజూ వాడబోయే పనిముట్టుని తయారుచేసిన స్త్రీ పేరు మహా అయితే ఒక మార్కు ప్రశ్న. ఆమె హెన్రియెట్ ఆవ్రమ్.

ఆవ్రమ్ 1919లో న్యూయార్క్‌లో పుట్టింది. గ్రంథాలయశాస్త్రం చదవలేదు. 1952లో అమెరికా జాతీయ భద్రతా సంస్థలో ప్రోగ్రామర్‌గా చేరింది. ప్రోగ్రామింగ్ అనే పనికి ఇంకా పెద్దగా గౌరవం లేని రోజులవి. 1940లలో ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురూ స్త్రీలే. యంత్రాన్ని కట్టడం మగవాళ్ళ మేధస్సుగానూ, దానికి పని చెప్పడం గుమస్తా పనిగానూ లెక్కపెట్టేవారు. ముగ్గురు పిల్లల తల్లి ఆవ్రమ్ ఆ 'గుమస్తా పని' నేర్చుకుని, 1965లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి వచ్చింది. మన విద్యార్థిని గ్రంథాలయం నుంచి కంప్యూటర్ వైపు వెళుతుంటే, ఆవిడ కంప్యూటర్ నుంచి గ్రంథాలయం వైపు నడిచింది.

కేటలాగు కార్డుని చేత్తో పట్టుకుంటే పై వరసలో ఉన్నది రచయిత పేరనీ, కింద ఉన్నది పుస్తకం పేరనీ మన కంటికి తెలిసిపోతుంది. యంత్రానికి తెలియదు. దానికి అన్నీ అక్షరాలే. అందుకని ఆవిడ కార్డుని ముక్కలు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కకీ ఒక నంబరు వేసే పద్ధతి రూపొందించింది. నూరో గడిలో రచయిత పేరు, 245లో పుస్తకం పేరు, 300లో పుటల సంఖ్య, 650లో విషయం. దానికే మార్క్ అని పేరు, అంటే యంత్రం చదవగల కేటలాగు అని. 1966లో పదహారు గ్రంథాలయాలతో ప్రయోగం మొదలైంది. 1969 నుంచి ఆ రికార్డులు టేపులమీద ఎక్కి అమెరికా అంతటా గ్రంథాలయాలకి చేరాయి. 1970ల మొదట్లోనే అది అమెరికా జాతీయ ప్రమాణం, ఆ వెంటనే అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఆవ్రమ్ 2006లో చనిపోయింది. ఆవిడ వేసిన గడులు ఇవాళ్టికీ వాడుకలోనే ఉన్నాయి. మన కళాశాలల్లో చాలామంది విద్యార్థులు నేర్చుకునే కోహా సాఫ్ట్‌వేర్ తెరిస్తే ముందు కనిపించేవి అవే. (కోహా కూడా ఏదో మహానగరపు గ్రంథాలయం కోసం తయారైనది కాదు. 2000 జనవరిలో న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు గ్రంథాలయాల్లో మొదలైంది. అప్పుడు వాటికి అధిపతి రోసాలీ బ్లేక్ అనే స్త్రీ. 'కోహా' అంటే మావోరీ భాషలో కానుక.)

అసలు ఈ వృత్తిలోకి స్త్రీలు అంతమంది ఎలా వచ్చారు? ఇక్కడా ఒక పితామహుడే. మెల్విల్ డ్యూయీ 1887లో కొలంబియా కాలేజీలో గ్రంథాలయ పాఠశాల తెరిచినప్పుడు ఇరవైమంది విద్యార్థుల్లో పదిహేడుగురు స్త్రీలు. కాలేజీ పెద్దలు స్త్రీలను రానివ్వడానికి ఇష్టపడలేదు. రెండేళ్ళకే పాఠశాల ఆల్బనీకి తరలిపోయింది. డ్యూయీ పట్టుదలని మెచ్చుకోవాల్సిందే, అయితే ఆ లెక్క ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. చదువుకున్న స్త్రీ తక్కువ జీతానికి దొరుకుతుంది, ఓపిగ్గా చేస్తుంది, రాత బాగుంటుంది. ఆ రాతని కూడా అలా వదల్లేదు. 'గ్రంథాలయ రాత' అని ఒక గుండ్రటి దస్తూరీ తయారుచేసి, ఎవరు రాసినా కార్డు ఒకేలా కనిపించేట్టు సాధన చేయించారు. ఆమె చెయ్యి కావాలి కానీ ఆమె చేతిరాత మాత్రం కనబడకూడదు! తోటి గ్రంథపాలకురాళ్ళతో డ్యూయీ ప్రవర్తన మీద ఆయన కాలంలోనే ఫిర్యాదులొచ్చాయి. ఆయన పేరున ఉన్న పతకం నుంచి ఆ పేరు తీసేయాలని అమెరికన్ గ్రంథాలయ సంఘం తీర్మానించడానికి మాత్రం 2019 దాకా పట్టింది.

ఆయన వర్గీకరణలో స్త్రీలకి ఇచ్చిన చోటు కూడా గమనించదగ్గదే. పాత ముద్రణల్లో స్త్రీల స్థితిగతుల మీద పుస్తకాలకి 396 నంబరు. 390 అంటే ఆచారాలు, వేషధారణ, జానపదం. అంటే వోటుహక్కు కోసం రాసిన పుస్తకమైనా సరే, పెళ్ళితంతులూ పండగలూ ఉన్న వరసలోకే చేరాలన్నమాట. తర్వాతి ముద్రణల్లో అక్కడినుంచి తీసి సమాజశాస్త్రంలో పెట్టారు. ఇప్పుడు 305.4. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ శీర్షికల్లో 'వైద్యులుగా స్త్రీలు' ఉండేది. 'వైద్యులుగా పురుషులు' ఉండాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు. ఇలాంటి శీర్షికల మీద 1971లో శాన్‌ఫర్డ్ బెర్మన్, 1977లో జోన్ మార్షల్ పుస్తకాలే రాశారు. ఆ మార్పులు తెచ్చింది కేటలాగు గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళు.

మన సంగతికొస్తే, నాకు ఎక్కువ పట్టింపు ఆ నూరో గడి మీదే. పాత తెలుగు పత్రికల్లో రచయిత్రుల కోసం వెతికే పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఒక్కో పేరు ఎన్ని అవతారాలెత్తుతుందో రోజూ చూస్తుంటాను. మా బంధువులమ్మాయి ఒకామె దూరవిద్యలో ఈ కోర్సు చదువుతూ ప్రాక్టికల్స్‌కి పాత తెలుగు పుస్తకాల రికార్డులు తయారుచేస్తోంది. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, అచ్చమాంబ గారి ఇంటిపేరు బండారా, భండారా? ఏదో ఒకటే పెట్టమంటోంది ఇది" అంది. ఆ అమ్మాయి అడిగినది స్పెల్లింగ్ సందేహంలా కనబడుతుంది కానీ, అందులో స్త్రీల సాహిత్య చరిత్ర సగం ఉంది.

'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, 1902లో 'హిందూసుందరి'లో 'ధనత్రయోదశి' కథ ప్రచురించిన అచ్చమాంబ (1874-1905) పుట్టింటిపేరు కొమర్రాజు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు ఈమె తమ్ముడే. అచ్చులో కొన్నిచోట్ల బండారు, కొన్నిచోట్ల భండారు. ఇక రోమన్ లిపిలోకి వెళితే చెప్పక్కర్లేదు. 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచాక షికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాలకి తెలుగు పుస్తకాలు చేరాయి. అక్కడి కేటలాగుల్లో వాటి పేర్లు చుక్కలూ గీతలూ పెట్టిన రోమన్ అక్షరాల్లో ఎక్కాయి. 'అచ్చ'లో 'సి' ఒకటా రెండా, 'హెచ్' ఉందా లేదా అన్నదాన్నిబట్టి ఆమె దొరుకుతుంది లేదా దొరకదు. 1991లో యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగుకి చోటు దక్కినా, మన డి.టి.పి. ఫాంట్లు దేని దారి దానివిగా చాలాకాలం నడిచాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసి, తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరిన పాత తెలుగు పుస్తకాల్ని చూడండి. పేజీలు శుభ్రంగా ఉంటాయి, పేర్లు మాత్రం గుర్తుపట్టలేని రోమన్‌లో, రచయిత గడి ఎన్నోచోట్ల ఖాళీగా. పుస్తకం చెదలబారిన పడకుండా బతికి, ఖాళీ గడిలో పోతే ఏం లాభం?

నూరో గడిలో పేరుకి ముందు ఒక చిన్న అంకె కూడా వేయాలి. ఇంటిపేరుతో మొదలైతే 1, ఒట్టి పేరైతే 0. పాత ప్రచురణల మీద ముప్పాళ్ళ రంగనాయకమ్మ ఉంటుంది, తర్వాతి వాటిమీద రంగనాయకమ్మ. ఇంటిపేరు వదులుకోవడం ఆవిడ నిర్ణయం. 'పూర్తిపేరు' అనే ఉత్సాహంతో రికార్డులో దాన్ని మళ్ళీ తగిలించేవాళ్ళున్నారు. సున్నా వేస్తే సరిపోయేదానికి! ఓల్గాకీ సున్నాయే. 'బీనాదేవి' ఇంకో రకం చిక్కు. ఆ పేరుతో రాసింది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులిద్దరూ. భర్త పోయాక కూడా త్రిపురసుందరమ్మ ఆ పేరుతోనే రాసింది. ఒక గడిలో ఇద్దర్ని పెట్టి, తర్వాత ఒకర్ని ఎలా మిగల్చాలి?

ఇలాంటి చిక్కులకి ఆ పద్ధతిలోనే ఒక దారి ఉంది. ప్రతి రచయితకీ విడిగా ఒక ప్రామాణిక రికార్డు తయారుచేస్తారు. అందులో నూరో గడిలో ఒక రూపం ఖాయం చేసి, మిగతా రూపాలన్నీ 400 గడుల్లో రాస్తారు. ఎవరు ఏ రూపంతో వెతికినా నూరో గడికి చేరుస్తుంది. ఒకరికి ఒకటికంటే ఎక్కువ పేర్లుంటే వాటిని కలపడానికి 500 గడి ఉంది. పాత కార్డుల మీద 'చూడు', 'ఇదీ చూడు' అని రాసేదే ఇది. చాలా శ్రమ. ఒక్కో రచయిత్రి కోసం ముఖపత్రాలు, పత్రికల పాత సంచికలు, పీఠికలు తిరగేయాలి. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల కూర్చుని చేసే సాహిత్య పరిశోధనకీ దీనికీ నాకైతే తేడా కనిపించదు. కంప్యూటర్ తరాల మీద రెండు నెలలు పెట్టే సిలబస్సులో దీనికి కేటాయించేది ఒకటి రెండు తరగతులు.

ఆ అమ్మాయికి అదే చెప్పాను. రెండు రూపాలూ రాయి, ఏది ఖాయం చేశావో, ఏ ముఖపత్రం చూసి చేశావో కూడా రాయి, దానికీ 670 అని ఒక గడి ఉంది. వారం తర్వాత పంపిన రికార్డులో 100లో భండారు, 400లో బండారు, రోమన్‌లో మూడు రూపాలు ఉన్నాయి. అన్నిటికంటే కింద నేను చెప్పని ఇంకో 400 గడి ఉంది, కొమర్రాజు అచ్చమాంబ అని. ఆ పేరుతో ఆవిడ ఏదైనా రాసినట్టు ఆధారం లేదు కదా అన్నాను. "తమ్ముడి పేరు మీదుగా వెతికేవాళ్ళకి అక్క దొరకాలి కదక్కా" అంది. నియమం ప్రకారం అది ఉండొచ్చా కూడదా అని వాళ్ళ మేడమ్‌ని అడుగుతానంది.